పండుగనాటి పట్నము: చచ్చిన కాలేజి, బ్రతికిన కాలేజి

కనుమనాడు కాకియైనను కదలదని తెలుగుదేశమున ఒక సామెత కలదు. సంక్రాంతికి పుట్టింటికి వచ్చిన కూతురును, అత్తవారింటికి వచ్చిన అల్లుడును ఆ దినమున ప్రయాణము కట్టరాదు. పశువులను పూజించి, మినపగారెలు వండుకొని, ఇంటిపట్టుననే యుండవలెను. ఈ సామెతను మూటగట్టుకొని చెన్నపట్నమునకు కాపురము పోయిన తెలుగు కుటుంబములకు అచట ఒక చిక్కు ఎదురగుచు వచ్చెను. తమిళుల పొంగలి పండుగలో కడపటి దినమునకు కాణుం పొంగల్ అని పేరు. మన ముక్కనుమ నాడు వచ్చునది అదియే. కాణుటయనగా చూచుట, మొదట పెద్దలను చూచుట, పిమ్మట బంధువులను చూచుట, అటుపైన పట్నములోని వింతలను చూచుట. మన కాకి కదలని దినమునకు మరునాడే ఆ పట్నమున కదలని ప్రాణి యుండదు.

ఆ ఉదయమున ఇంటింట జరుగు చర్చ ఒక్కటే: నేడు ఎక్కడికి పోవుదము? తాతగారికి సముద్రపు గాలి కావలెను. పిల్లలకు పులిని చూడవలెను. ఇంటి ఇల్లాలు, ఎక్కడికైనను సరే, చీకటి పడకముందే పిల్లలతో క్షేమముగా ఇల్లు చేరవలెనని కోరును. ఈ ప్రశ్నకు మద్రాసు నగరము నూరేండ్లకు పైగా ఇచ్చుచు వచ్చిన సమాధానములు ముఖ్యముగా మూడు: చచ్చిన కాలేజి, బ్రతికిన కాలేజి, సముద్రము. పూర్వము పరీక్షలకో, కోర్టు పనికో పట్నము పోయి వచ్చిన మన తాతముత్తాతల నోట ఈ మొదటి రెండు మాటలు విన్నవారు నేటికిని ఉందురు. విననివారికి అవి వింతగా తోచును. చచ్చిన కాలేజి యనగా ఎగ్మూరులోని మ్యూజియము. బ్రతికిన కాలేజి యనగా జంతుప్రదర్శనశాల. తమిళులును తమ భాషలో ఇట్లే చెప్పుకొనిరి. ఈ రెంటిలో ఒక్కటియు కాలేజి కాదు గదా, మరి ఆ పేరెట్లు వచ్చినది?

దీనికొక చరిత్ర కలదు. అందు తెలుగునకు సంబంధమును కలదు. 1812లో కుంపిణీ ప్రభుత్వమువారు సెంట్ జార్జి కోట పేరిట ఒక కళాశాలను నెలకొల్పిరి. సీమనుండి క్రొత్తగా దిగిన పడుచు దొరలకు తెలుగు, తమిళము మొదలగు దేశభాషలు నేర్పుట దాని పని. ఎల్లిస్ దొర ఆ కళాశాలకు ప్రాణము వంటివాడు. 1816లో వెలువడిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు పీఠికగా, తెలుగు సంస్కృతమునుండి పుట్టిన భాష కాదనియు, తమిళ కన్నడములతో పాటు వేరొక కుటుంబమునకు చెందినదనియు ఆతడు నిరూపించెను. మన పండితులు దొరలకు గుణింతములు దిద్దించిన ఆ భవనపు మేడమీదనే 1851లో ప్రభుత్వ మ్యూజియమును తెరచిరి. మద్రాసు లిటరరీ సొసైటీవారు ఇచ్చిన పదకొండువందల రాళ్లును, ఖనిజములును దానికి మూలధనము. రాళ్లను చూచుటకు పోయిన జనులు కాలేజికి పోయి వచ్చితిమని చెప్పుకొనిరి. త్వరలో స్థలము చాలకపోగా 1854లో మ్యూజియమును ఎగ్మూరునకు తరలించిరి. వస్తువులతో పాటు పేరును తరలిపోయెను. అచట గడ్డి కూర్చిన మృగములు, పక్షులు, ఏనుగు అస్థిపంజరము, తిమింగిలపు ఎముకలు అన్నియు చచ్చినవే గనుక అది చచ్చిన కాలేజి యయ్యెను.

ఇక బ్రతికిన కాలేజి. మ్యూజియమునకు తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ అను వైద్యుడు. రాళ్లకంటె ప్రాణమున్న జంతువు జనులను ఎక్కువగా ఆకర్షించునని ఆతడు త్వరలోనే కనిపెట్టెను. ఒక పులిపిల్లను, ఒక చిరుతను మ్యూజియములో ఉంచగా వానిని చూచుటకు జనులు వేలకొలదిగా వచ్చిరి. అంతట ఆతడు కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన పెంచుకొనుచున్న జంతువులన్నిటిని సంపాదించెను. 1855లో మ్యూజియము ఆవరణలోనే ఒక జంతుశాల వెలసెను. ఏడాది తిరుగునప్పటికి మూడువందలకు పైగా జీవములు అచట చేరెను. ఆ విధముగా కొంతకాలము చచ్చినదియు బ్రతికినదియు ఒకే ప్రహరీలో నుండెను. ఇట్టి పేర్లు పెట్టినవాడెవడో గాని, ఏ ప్రభుత్వపు ఫలకమును అంత క్లుప్తముగా, అంత సరిగా చెప్పజాలదు.

మ్యూజియము చేరిన ఆ ఎగ్మూరు స్థలపు పూర్వకథను ఇచట తలచుకొనవలసియున్నది. 1778లో హాల్ ప్లూమర్ అను కుంపిణీ ఉద్యోగికి 43 ఎకరముల ఆ తోట దక్కెను. 1793లో అది ఇరువదినలుగురు దొరల సంఘము చేతికి వచ్చి పాంథియన్ అను పేరిట తెల్లవారి విందులకు, నాట్యములకు, నాటకములకు నిలయమయ్యెను. నాడు ఆ ద్వారములో పల్లకి మోసినవానికి, దీపము పట్టినవానికి తప్ప నగరవాసులకు ప్రవేశము లేదు. తరువాత మూరత్ అను ఆర్మీనియా వర్తకుడు దానిని కొనెను. 1830లో అతనినుండి ప్రభుత్వము 28,000 రూపాయలకు తీసికొనెను. మరి ఇరువది నాలుగేండ్లకు ఆ ద్వారములోనికే జట్కాబండ్లవారు, చేనేతవారు, పల్లెనుండి వచ్చిన రైతులు పిల్లలను చంకనెత్తుకొని నడచిరి. పండుగనాడు ఎక్కడికి పోవుదమను ప్రశ్న సామాన్యునికి పుట్టవలెనన్న, ముందుగా అతనిని లోనికి రానిచ్చు తలుపొకటి ఉండవలెను గదా. ఇట్టి తలుపు మద్రాసున తెరచుకొన్నది అప్పుడే.

వచ్చిన జనము అందరికిని నచ్చలేదు. 1885 మొదలు చాల కాలము మ్యూజియము అధిపతిగా నుండిన ఎడ్గర్ థర్‌స్టన్, వచ్చువారిలో అత్యధికులు దానినొక తమాషా ఇల్లుగా భావింతురనియు, కంటికింపుగా నుండినచో ఏ వస్తువైనను వారికి ఒకటేననియు వ్రాసెను. పాపము, ఆ దొర జనుల తలలను, ముక్కులను కొలిచిన మానవశాస్త్రజ్ఞుడు. వారి మనస్సులను కొలుచు పనిముట్టు మాత్రము ఆయన దగ్గర లేకపోయెను. ఏడాదికొకమారు పసుపు ముఖములతో, క్రొత్తచీరలతో వచ్చి తిమింగిలపు ఎముకల క్రింద నిలిచి నోరు తెరచిన స్త్రీ చూచినది తమాషాయే కావచ్చును. కాని ఆమె ఇంటికి పోయి పదిమందికి చెప్పిన కథలో శాస్త్రము బొత్తిగా లేదని ఎట్లు అనగలము? ఘోషా స్త్రీలకై నెలలో ఒక పూటను ప్రత్యేకించిన ఘనతయు ఆ మ్యూజియమునకే కలదు.

తెలుగువారికి అచట వేరొక ఆకర్షణయు ఉండెను; ఉన్నది. 1845లో వాల్టర్ ఎలియట్ గుంటూరు సీమలోని అమరావతి దిబ్బను త్రవ్వించి పాలరాతి శిల్పములను మద్రాసునకు చేర్పించెను. అవి ఏండ్లతరబడి ఎండకు, వానకు నిలిచియుండెను. 1859లో వానిలో అనేకములను లండనునకు పంపిరి. పిమ్మట సీవెల్, బర్జెస్ మున్నగువారు త్రవ్వించిన శిలలు ఎగ్మూరు చేరెను. కృష్ణాతీరమునుండి పోయి పండుగనాడు చచ్చిన కాలేజి చూడబోయిన మనవాడు, తన ఊరికి పదిక్రోసుల దూరమున పుట్టిన రాళ్లను మూడువందల మైళ్ల దూరమున మొదటిసారి చూచెను. జింకలను, బోధివృక్షమును, ఏనుగును శాంతింపజేయు బుద్ధుని కథను చూచి ముందునకు సాగిపోయినవారెందరో, నిలిచి మావే ఇవి యని తెలిసికొన్నవారెందరో లెక్క వ్రాసినవారు లేరు.

జంతువులకు ఎగ్మూరు ఇరుకయ్యెను. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెలియన్ నగరమధ్యమున 116 ఎకరముల నేలలో ప్రజలకొక ఉద్యానము ఉండవలెనని తలపెట్టెను. పీపుల్స్ పార్కు అని దానికి పేరు. ఆదాయపు పన్ను పద్ధతిని బహిరంగముగా ఎదిరించినందులకు 1860లో ఆయనను వెనుకకు పిలిపించిరి; తోట మాత్రము మిగిలెను. చెరువులు, చెట్ల దారులు, వాద్యబృందమునకొక మంటపము, 1863 నుండి జంతుశాల, ఇవన్నియు ఒక్కచోటనే. 1873లో దాని ఎదుటనే సెంట్రల్ స్టేషను వెలసెను. రైలు దిగిన పల్లెటూరివాడు మూట భుజమున నుండగనే పులిని చూచి రాగలిగెను. మ్యూజియమునకు పోవలెనా, జంతుశాలకు పోవలెనా యను తగవు ఇండ్లలో పుట్టినది ఇప్పుడే. ఉదయము ఒకటి, సాయంకాలము ఒకటి యని రాజీపడిన తండ్రులు పెక్కుమంది.

ఆ పార్కులో ఏటేట డిసెంబరు కడపట ఒక సంత జరుగుచుండెను. దుకాణములు, ఆటలు, బాణసంచా, దీపాలంకారములు ఉండెడివి. 1886 డిసెంబరు 31వ తేదీన ఆ సంతలో అగ్ని పుట్టెను. పందిళ్లు అంటుకొనెను. జనులు ఒక్కుమ్మడిగా బయటికి పరుగెత్తిరి. మంటలలోను, తొక్కిడిలోను వందలకొలది ప్రాణములు పోయెను. క్రొత్త సంవత్సరము నాటి ఉదయమున నగరము శవములను గుర్తించుటలో మునిగెను. మద్రాసు చరిత్ర గ్రంథములలో ఈ సంగతికి సామాన్యముగా ఒకటి రెండు పంక్తులు మాత్రమే దక్కును. గవర్నర్ల విగ్రహములకు పుటలు దొరకును. పండుగ చూడబోయి ఇల్లు చేరనివారికి దొరకవు. జనులను లోనికి పిలుచుట ఒక విద్య, వారిని క్షేమముగా బయటికి పంపుట మరొక విద్య. మొదటిదానిని నేర్చిన నగరము రెండవదానిని నేర్చుటకు ఎంత వెల చెల్లించినదో ఇక ముందు చూతము.

అగ్ని ఆరిన పిమ్మటను పార్కు ప్రక్కన వినోదములు పెరిగెను. విజయనగర ప్రభువు ఆనంద గజపతి 1883లో శంకుస్థాపన చేసిన విక్టోరియా పబ్లిక్ హాలు ఆ నేలమీదనే లేచెను. 1891లో ధర్మవరము కృష్ణమాచార్యులవారి బళ్లారి సమాజము పట్నము వచ్చి తెలుగు నాటకములాడెను. వానిని చూచి ఉత్సాహపడిన పమ్మల్ సంబంధ మొదలియారు అదే ఏట సుగుణవిలాస సభను స్థాపించి తమిళ నాటకమునకు క్రొత్తదారి వేసెను. 1910లో మన మచిలీపట్నపు రఘుపతి వెంకయ్య ఆ హాలులోనే మాటలతో కూడిన చిన్న చిత్రములను యంత్రముతో ఆడించెను. 1914లో మౌంటురోడ్డున గెయిటీ యను సినిమాశాలను కట్టెను. అప్పటినుండి పండుగనాటి తగవులో నాలుగవ పక్షమొకటి బయలుదేరెను. సినిమాకథ వేరుగా చెప్పదగినంత పెద్దది గనుక ఇచట విడిచెదను.

సముద్రము ఎప్పుడును ఉన్నదే. కాని విహరించుటకు తగిన సముద్రతీరము మద్రాసునకు పూర్వము లేదు. కుంపిణీ కాలమున అలలు కోట గోడల సమీపమునకే వచ్చుచుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున రేవు కట్టగా, దాని చేతులు ఇసుకను అడ్డగించెను. రేవునకు దక్షిణమున ఇసుక మేటవేసి తీరము విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురము వైపు సముద్రము నేలను కోసికొనుచు పోయెను. ఒకరి విహారభూమి మరొక పేట జాలరుల ఇంటి స్థలమునకు మారుగా వచ్చినదని తెలిసి నడచువారు అరుదు. ఈ విశాలమైన ఇసుక ప్రక్కన 1884లో గ్రాంట్ డఫ్ గవర్నరు నడకదారి నిర్మించి, తాను సిసిలీలో చూచిన పలెర్మో తీరమును తలచుకొని దానికి మెరీనా అని పేరు పెట్టెను. 1909లో అచట చేపల ప్రదర్శనశాలయు వెలసెను.

మెరీనాకు ప్రహరీ లేదు, ద్వారము లేదు, రుసుము లేదు. కావుననే కాణుం పొంగల్ నాడు బీదవాడు మొదట ఎన్నుకొన్నది దానిని. పులిహోర మూటతో మధ్యాహ్నమే చేరి, కావిడి బొమ్మలు, పిల్లనగ్రోవులు, వేయించిన వేరుసెనగకాయలు కొనుక్కొని, దీపములు వెలిగిన పిమ్మట కాలినడకన ఇల్లు చేరుటకు పెద్ద ఖర్చేమియు లేదు. 1895లో నగరమున విద్యుత్ ట్రాములు నడువనారంభించెను. 1931లో బీచి స్టేషనునుండి తాంబరమునకు విద్యుత్ రైళ్లు వచ్చెను. అప్పటినుండి దూరపు పేటలవారును సాయంకాలపు గాలికి వాటాదారులైరి.

రేడియో గల గృహములవారికి ఒక ముచ్చట. 1930లో మద్రాసు నగరపాలక సంఘమువారు తమ స్వంత రేడియో ప్రసారములను ఆరంభించి, మెరీనాయందును కొన్ని తోటలయందును ధ్వనివర్ధకములను అమర్చిరి. రేడియో పెట్టె కొనజాలని కుటుంబములు ఇసుకలో కూర్చుండి సంగీతము వినెడివి. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ప్రారంభమయ్యెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలయువరకు తెలుగువారికి అచటి తెలుగు కార్యక్రమములే దిక్కు. కాబట్టి మన ఇండ్లలో రేడియో ఒంటరిగా వినుటకు పూర్వము, పండుగనాడు సముద్రపు ఒడ్డున పదిమందితో కలిసి విన్నవారు ఉండిరి.

మెరీనాకు ద్వారము లేకపోవుట దాని గొప్పతనము. అదియే దాని ప్రమాదమును. 2004 డిసెంబరు 26, ఆదివారము. క్రిస్మసునకు మరునాడు. ఉదయము నడకకు వచ్చిన వృద్ధులు, క్రికెట్టాడు బాలురు, చేపలమ్ము స్త్రీలు ఇసుకమీద నుండగా సముద్రము లేచి వచ్చెను. సునామి యను మాట అంతకుముందు విన్నవారు ఆ తీరమున బహుకొద్ది. నగరమున సుమారు 200 మంది మరణించిరి. వారిలో తీరపు జాలరి పేటలవారు అనేకులు. ఇరువదియేండ్లు గడచునంతలో మరొక ఆదివారము వచ్చెను. 2024 అక్టోబరు 6న మెరీనా మీద వైమానికదళపు విన్యాసములను చూచుటకు లక్షలకొలది జనులు మండుటెండలో నిలిచిరి. విమానములు పోయిన పిమ్మట అందరును ఒక్కమారే ఇంటి ముఖము పట్టిరి. రైళ్లు చాలలేదు, దారులు చాలలేదు, త్రాగునీరు దొరకలేదు. అయిదుగురు మరణించిరి. ఆకాశములోని విమానములకు గీచినంత శ్రద్ధగా నేలమీది మనుష్యులకు దారి గీయలేదని విమర్శ వచ్చెను. 1886 నాటి సంతకును ఈ దినమునకును నడుమ నూటముప్పదియేండ్లకు పైగా గడచెను. మొదటిది నిప్పు, రెండవది ఎండ. తేడా అంతయే యని కొందరికి తోచినచో తప్పు పట్టజాలము.

అయినను నేర్చినది లేకపోలేదు. ఇటీవలి కాణుం పొంగల్ దినములలో మెరీనాయందు వేలకొలది పోలీసులు కాపుందురు. నీటిలో దిగకుండ కఱ్ఱలు కట్టి అడ్డగింతురు. పిల్లల చేతులకు తల్లిదండ్రుల టెలిఫోను సంఖ్య వ్రాసిన పట్టీలు కట్టుదురు. సముద్రమును చూడవచ్చును, తాకరాదు; కాణుట యను మాటకు ఇంతకంటె కచ్చితమైన అర్థము లేదు. తీరమున వెలసిన నాయకుల సమాధులును పండుగనాటి యాత్రాస్థలములైనవి. 1987లో మరణించిన ఎం. జి. రామచంద్రన్ సమాధిపై చెవి ఆనించి, లోన ఆయన చేతిగడియారము ఇంకను కొట్టుకొనుచున్నదని వినువారి వరుసలు చూడదగినవి. ఎగ్మూరులో ఏనుగు ఎముకలవద్ద ఆ ఓపిక కనబడదు.

పీపుల్స్ పార్కు మాటకు వత్తము. దానిని ఎవ్వరును ఒక్కసారిగా తీసివేయలేదు. ఒక మూల హాలునకు, ఒక మూల 1900లో మూర్ మార్కెటునకు, ఒక మూల 1913లో నగరపాలక సంఘపు రిప్పన్ భవనమునకు, తరువాత ఆటల మైదానమునకు ఇచ్చుచు పోయిరి. ప్రతి కట్టడమునకు తగిన కారణము ఉండెను. తోటకు మాత్రము ఉండుటకు తగిన కారణము ఎవరికిని తోచలేదు. నడుమ ఇరుకున చిక్కిన మృగములను వండలూరునకు తరలించిరి. నగరమునకు సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున, 1,200 ఎకరములకు మించిన అడవిలో 1985లో క్రొత్త జంతుశాల తెరవబడెను. అదే ఏట మే 30న, పాత పుస్తకములకు, పెంపుడు పక్షులకు, బొమ్మలకు పేరుపొందిన మూర్ మార్కెటు అగ్నికి ఆహుతియయ్యెను. దాని చోట రైల్వేవారు లోకల్ రైళ్ల స్టేషను కట్టిరి.

పులులకు వండలూరు మేలైనదని చూచినవారందరును ఒప్పుకొందురు. ఇనుపగదిలో తిరుగాడిన జంతువు నేడు చెట్ల నీడన పండుకొనును. కాని కాలినడకన పోయి చూచిన పేదవాని బ్రతికిన కాలేజి ఇప్పుడు రైలు, బస్సు, ప్రవేశరుసుము లెక్కలతో కూడిన ఒక పూట ప్రయాణమయ్యెను. నలుగురు పిల్లలున్న ఇంట పండుగనాటి ఉదయపు చర్చ దానితో మరికొంత పొడవయ్యెను. పార్కు పేరు మాత్రము సెంట్రల్ ఎదుటనున్న చిన్న రైలు స్టేషను ఫలకముమీద నిలిచియున్నది. అచట దిగువారికి తోట కనబడదు. కాణుం పొంగల్ నాడు అన్నము మూటలతో, నీళ్ల సీసాలతో కుటుంబములు ఆ పార్కు స్టేషనులోనే నిలిచి వండలూరు పోవు రైలుకొరకు ఎదురుచూచును.